మాత్ర మానడానికీ ఓ పద్ధతుంది

మా అత్తయ్యగారు బీపీకి ఆరేళ్ళుగా మెటోప్రొలాల్ వేసుకుంటున్నారు. పోయినేడు ఒళ్ళు నీరసంగా ఉంటోందని, చేతులు చల్లబడుతున్నాయని ఒకటే గొడవ. "బీపీ బాగానే ఉందిగా, ఇంకా ఎందుకత్తయ్యా ఆ మాత్ర?" అన్నాను. ఆ మాటన్నది నేనే. ఆవిడ నమ్మి మానేశారు.

మూడోరోజు తెల్లవారుజామున నన్ను లేపారు. "అమ్మాయ్, గుండె దడదడలాడుతోందే." మిషన్ పెట్టి చూస్తే నాడి 118, పై బీపీ 170. నాకు చేతులు వణికాయి.

ఆస్పత్రిలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఈ మందు అడ్రినలిన్ గుండెను పరుగెత్తించకుండా అడ్డుకుంటుందట. ఎక్కువకాలం వాడితే, గుండె ఆ అడ్రినలిన్‌ను అందుకునే తలుపుల్ని పెంచుకుంటుందట. మందు ఉన్నట్టుండి ఆపితే అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నట్టు! గుండెజబ్బు ఉన్నవాళ్ళకైతే గుండెపోటు దాకా రావచ్చు.

మళ్ళీ అదే మందు మొదలుపెట్టించి, కుదుటపడ్డాక వేరే మందు ఇచ్చి, దీన్ని రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించారు. ఎప్పుడెంత అన్నది ఆయన రాసిచ్చిన లెక్కే. నేను రోజూ నాడి, బీపీ చూసి కేలండర్ మీద రాశాను. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా వచ్చెయ్యమన్నారు. దేవుడి దయవల్ల రాలేదు.

చంటిపిల్లకి పాలు మాన్పించడానికే నెలలు పడుతుంది మనకి. ఆరేళ్ళ మందుని ఒక్కపూటలో మాన్పించబోయాను! మీ ఇంట్లో పెద్దవాళ్ళు "మానెయ్యనా?" అని అడిగితే, "డాక్టర్ని అడుగుదాం పదండి" అనండి. నేను అనాల్సిన మాట అదే.