పధ్నాలుగు పేర్ల కాగితం

2024 ఆగస్టులో ఒక సాయంత్రం, భోజనాలయ్యాక, మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి బల్లమీద నా ముందుంచింది. అందులో పధ్నాలుగు కళాశాలల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆ పేర్లన్నీ నాకు పరిచితాలే. డాలస్ పరిసరాల్లో వారాంతపు విందులకు వెళ్ళే ఏ తెలుగువాడికైనా పరిచితాలే. పులిహోర వడ్డించుకుంటూ ఒకరు, పెరుగన్నం దగ్గర మరొకరు పలికే పేర్లవి. పధ్నాలుగింటిలో పదకొండు, దరఖాస్తు చేసిన పదిమందిలో ఒక్కరికైనా చోటివ్వనివి. ఏ ఒక్కదాని పక్కనా ఖర్చు రాసి లేదు.

"బాగుందమ్మా" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ కాగితం ఒక్కటే కాదు. దాని వెనుక 1994 నాటి మరో సంగతి ఉంది.

ఎంసెట్ కౌన్సెలింగుకు నాన్నగారూ నేనూ తెనాలి దగ్గర మా ఊరినుంచి రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళాము. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ప్రైవేటు కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు. ఒకే తరగతి గది, ఒకే పాఠం, ఫీజు మాత్రం ఎన్నో రెట్లు తేడా. నా వంతు వచ్చేసరికి నాకు మిగిలినవి రెండే దారులు: దూరాన ఒక కళాశాలలో మెకానికల్ ఫ్రీ సీటు, దగ్గరలో ఎలక్ట్రానిక్స్ పేమెంటు సీటు. ఆలోచించుకోవడానికి రెండు మూడు నిమిషాలు. నేను నాన్నగారి ముఖంలోకి చూశాను. "నీకేది కావాలో అది చెప్పు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. నేను ఎలక్ట్రానిక్స్ అన్నాను.

రెండేళ్ళ తరువాత సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, కాలువగట్టున మా ఎకరంలో ఎవరో పరాయివారు మినుము పీకుతూ కనిపించారు. అమ్మనడిగితే, "నీ చదువు పూర్తయ్యేదాకా నీకు చెప్పవద్దన్నారు" అంది. నాన్నగారితో ఆ మాట నేను ఎన్నడూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. 2011లో ఆయన పోయారు. ఆ మౌనాన్ని నేను ప్రేమగానే జమకట్టుకున్నాను, ఇప్పటికీ ప్రేమే అంటాను. అయితే ఆనాడు ఆ రెండు నిమిషాల్లో ఆ ఎకరం సంగతి నాకు తెలిసి ఉంటే, నేను మెకానికల్ అని ఉండేవాణ్ణి. తెలుసుకుని ఎంచుకునే అవకాశం నాకు లేకపోయింది.

అర్ధరాత్రి దాటాక మా ఆవిడ, నేను మేలుకొని ఉన్నానని గ్రహించి, "ఏమిటి ఆలోచన?" అంది. చెప్పాను. కాసేపు ఊరుకుని, "మావయ్యగారికి అమ్మడానికి ఎకరం ఉంది. మనకేముంది?" అంది.

మాకున్నది ఇంకా పదిహేడేళ్ళు కట్టవలసిన ఇల్లు, 2023లో ఐదు నెలలపాటు ఉద్యోగం లేక సగం కరిగిపోయిన పొదుపు, తాకకూడని పదవీవిరమణ నిధి. అమ్మాయికి రెండేళ్ళు వెనుకగా మా వాడు. మరునాడు ఇద్దరం కూర్చుని లెక్క చూసుకున్నాము. అమ్మాయికి ఏడాదికి 25 వేల డాలర్లు, నాలుగేళ్ళకు లక్ష. అబ్బాయికీ అంతే. అంతకుమించితే అప్పే.

ఆ శనివారం అమ్మాయిని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. జీతం ఎంతో, ఇంటి బాకీ ఎంతో, నెలాఖరుకు మిగిలేది ఎంతో చెప్పాను. తాతయ్యగారి ఎకరం కథ కూడా చెప్పాను. ఆమె మౌనంగా విని, "ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని ఒక్క మాట అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె కలం తీసుకుని పేర్లు కొట్టివేయబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

ఎందుకంటే, ఈ దేశంలో బోర్డుమీద రాసిన ధర, మనం కట్టవలసిన ధర ఒకటి కావు. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కొన్నింటి మొత్తం ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు దాటిపోయింది. వాటిలోనే కొన్ని, తక్కువ ఆదాయం గల ఇంటి పిల్లలకు దాదాపు ఉచితంగా చదువు చెబుతాయి. అంచనా వేసుకునేందుకు సాధనం కూడా ఉంది. కేంద్రప్రభుత్వ ఆర్థిక సహాయంలో పాలుపంచుకునే ప్రతి కళాశాలా, ఒక కుటుంబానికి నికరంగా ఎంత పడుతుందో లెక్కగట్టే పరికరాన్ని తన వెబ్‌సైటులో ఉంచాలన్న నిబంధన 2011 అక్టోబరు నుంచి అమలులో ఉంది. నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ అంటారు. కిందటి ఏడాది పన్ను కాగితాలు దగ్గర పెట్టుకుంటే ఒక్కోదానికి పావుగంట పడుతుంది. మూడు సాయంత్రాలు తండ్రీ కూతుళ్ళం ఆ పనిలోనే ఉన్నాము.

తేలినదేమిటి? మాలాంటి మధ్యతరగతి సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు అదొక విచిత్రమైన మధ్యస్థానం. సహాయం పొందేంత పేదలం కాము, అడిగినంత కట్టేంత ధనికులం కాము. ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ప్రతిభకు ఉపకారవేతనాలివ్వవు, ఆర్థిక అవసరాన్ని బట్టి మాత్రమే ఇస్తాయి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కళాశాలలో ఉంటే ఫాఫ్సా లెక్కలో లోగడ కొంత వెసులుబాటు ఉండేది. 2024–25 విద్యాసంవత్సరం నుంచి అదీ తొలగిపోయింది. పొరుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బయటి విద్యార్థుల ఫీజు ఎక్కువ. అయినా, పెద్దగా పేరు వినని కళాశాలలు కొన్ని మంచి మార్కులున్న పిల్లలను ఆకర్షించడానికి ఫీజులో సగం దాకా తగ్గిస్తాయని అప్పుడే తెలిసింది. వాటిలో ఒక్కదాని పేరూ మా విందుల్లో వినబడదు.

పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకున్నాము. మూడు గడులు గీశాము: చోటు దొరికే అవకాశం, మాకు పడే ఖర్చు, వెళ్ళవలసివస్తే మనస్ఫూర్తిగా వెళుతుందా లేదా. మూడో గడి మా అమ్మాయి పెట్టినది. మొదటి రెండూ నెగ్గి మూడోదానిలో ఓడిపోయే కళాశాల జాబితాలో ఉన్నా లేనట్టే అంది. నిజమే అనిపించింది.

జాబితాను పైనుంచి కాక కిందినుంచి కట్టాలని కూడా అప్పుడే అర్థమైంది. పునాది రాళ్ళు ముందు, శిఖరం తరువాత. పునాది అంటే చోటు ఖాయంగా దొరికేదీ, ఖర్చు మన చేతిలో ఉండేదీ. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం ఉన్నత పాఠశాలలో మొదటి 10 శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌కు మాత్రం హద్దు వేరు. మా అమ్మాయి దరఖాస్తు చేసిన ఏడాది 6 శాతం, 2026లో చేరేవారికి 5 శాతం. విశ్వవిద్యాలయంలో చోటు ఖాయమైనా కోరిన శాఖలో ఖాయం కాదు. మా అమ్మాయి తన తరగతిలో 9వ శాతంలో ఉంది. ఆస్టిన్ ఆ విధంగా పునాదినుంచి మధ్య అంతస్తుకు మారింది.

పునాదిలో మొదటి రాయి రిచర్డ్‌సన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం, డాలస్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకుల చొరవతో మొదలైన పరిశోధనాకేంద్రం 1969లో విశ్వవిద్యాలయంగా మారింది. ఆమె కోరుకున్న న్యూరోసైన్స్ అక్కడ ఉంది. చేరిననాటి ఫీజు నాలుగేళ్ళూ పెరగదన్న హామీ ఉంది. అయినా మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. "ఇంటికి పాతిక నిమిషాలు నాన్నా. సగంమంది మా బడివాళ్ళే ఉంటారు" అంది. వెళ్ళి చూద్దామన్నాను. ఒక శుక్రవారం వెళ్ళాము. నేను ఒక బెంచీమీద కూర్చున్నాను, ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. కారెక్కాక చాలాసేపటికి, "మూడో గడిలో సున్నా వేయను" అంది.

చివరికి తొమ్మిది పేర్లు మిగిలాయి. పునాదిలో రెండు, మధ్యలో ఐదు, శిఖరాన రెండు. ఆ రెండింటిలో ఒకటి ఈశాన్యాన ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఎనిమిదో తరగతినుంచి ఆమె గదిలో గోడమీద ఉన్న జెండా దానిదే. లెక్క ప్రకారం మాకు ఏడాదికి 58 వేలు పడుతుంది. కొట్టివేయవలసిన పేరది. ఆమె కొట్టివేయడానికి సిద్ధపడింది కూడా. నేనే ఉంచమన్నాను. "ఏమో, ఎక్కువ సాయం రావచ్చు" అన్నాను. ఎర్లీ డెసిషన్ కింద పంపితే అవకాశం పెరుగుతుందని మిత్రులు చెప్పారు. అయితే అది చేరతామని మాట ఇచ్చేసే పద్ధతి, తక్కినవారు ఏమిస్తారో పోల్చి చూసుకునే వీలుండదు. ఆ పని మాత్రం చేయలేదు.

2025 మార్చిలో అక్కడ చోటు దొరికింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండుగ. మా ఆవిడ పాయసం చేసింది. ఆ తరువాత సహాయపు లేఖ తెరిచాము. సాయం పోను 54 వేలు. మా 25 వేలకు పైన ఏటా 29 వేలు తక్కువ. విద్యార్థి తన పేరున కేంద్రప్రభుత్వం నుంచి తీసుకోగల అప్పు మొదటి ఏడాది 5,500 డాలర్లు, నాలుగేళ్ళకూ కలిపి 27 వేలు. మిగతాదంతా తల్లిదండ్రుల పేరునే. అప్పటికి తల్లిదండ్రుల అప్పుకు ఖర్చంతే హద్దు. 2025 నాటి చట్టం 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవారికి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని పరిమితి పెట్టింది. మా ముందు ఆ అడ్డం లేదు. సంతకం చేస్తే చాలు.

"డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట నా గొంతులోంచే వచ్చిందా అని నాకే సందేహం కలిగింది.

మా అమ్మాయి నావైపు చూసి, "తాతయ్య పొలం సంగతి నాకు చెప్పావు కదా నాన్నా" అంది. లేఖ మడిచి కవరులో పెట్టింది.

ఆ రాత్రి ఆమె గది తలుపు వేసి ఉంది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. నేను తలుపు తట్టలేదు. మరునాటికి గోడమీద జెండా లేదు. జాబితా సరిగా కట్టుకుంటే దుఃఖం ఉండదని నేను చెప్పలేను. కాని ఆ దుఃఖంలో కొంత నా చలవే. మూడు గడుల్లో రెండో గడి తప్పిన పేరును ఆశతో నిలిపి ఉంచింది నేను. కట్టలేమని తెలిసిన పేరును ఉంచదలిస్తే, ఎంత సాయం వస్తే వెళతామో, రాకపోతే ఏం చేస్తామో దరఖాస్తు పంపకముందే మాట్లాడుకోవాలి. పిల్లలు ఆ మాట భరించగలరు. భరించలేనిది పెద్దలే.

ఇప్పుడామె రిచర్డ్‌సన్‌లో చదువుతోంది. ప్రతిభా ఉపకారవేతనం వచ్చింది. మా 25 వేలలో ఏటా కొంత మిగులుతోంది కూడా. మొదటి సెమిస్టరు ముభావంగా గడిచింది. రెండోదానిలో ఒక ప్రయోగశాలలో చిన్న పని దొరికింది. ఆదివారాలు గోంగూర కోసం ఇంటికి వస్తుంది. సంతోషంగా ఉన్నావా అని అడగబోయి మానుకుంటాను. అడగకుండానే కొన్ని వారాలు తెలుస్తుంది, కొన్ని వారాలు తెలియదు.

ఇక మా వాడి వంతు. మొన్న వాడూ ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు. ఇంకా ఒక్క పేరూ రాయలేదు. పైన 25,000 అని వేసి, కింద మూడు గడులు గీసి ఉన్నాయి. చేతిరాత వాడిది కాదు, అక్కది.