ముగింపు తెలిసిన కథ

ఉత్కంఠ నవలలంటే నాకు చిన్ననాటి నుంచీ మక్కువ. అబ్బాజాన్ ఉర్దూలో ఇబ్నె సఫీ రాసిన ఇమ్రాన్ నవలలు చదివేవారు. నాకు ఉర్దూ కూడబలుక్కుని చదవడమే వచ్చు గనుక, కడపలోని అద్దె పుస్తకాల దుకాణం నుంచి మధుబాబు 'షాడో' నవలలు తెచ్చుకునేవాణ్ణి. దేశదేశాలు తిరిగే ఆ కథానాయకుణ్ణి చూసి, విదేశయానమంటే సాహసమేనని నమ్మాను. ఇరవై రెండేళ్ళ వయసులో కువైట్ విమానం ఎక్కినప్పుడు, నా సంచిలో అమ్మీ పెట్టిన ఊరగాయ సీసా పక్కన రెండు షాడో నవలలున్నాయి.

ఇటీవల మా అమ్మాయి ఫ్రెడరిక్ ఫోర్సైత్ నవల 'ది డే ఆఫ్ ది జాకాల్' తెచ్చిపెట్టింది. 1971లో వెలువడిన పుస్తకం. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి 1963లో ఒక కిరాయి హంతకుడు పన్నే పథకమే ఇతివృత్తం. డిగాల్ 1970లో తన ఇంట్లోనే సహజంగా మరణించిన సంగతి లోకమెరిగినదే. అంటే పథకం ఫలించదని పాఠకునికి ముందే తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఏం జరిగిందన్నది కాక, ఏ ఘడియలో ఎవరెలా ప్రవర్తించారన్నదే మనల్ని చదివిస్తుంది.

ఆ హంతకుడు ఎన్నడో చనిపోయిన పసిబిడ్డ పేరుతో పాస్‌పోర్టు సంపాదించే ఘట్టం దగ్గర నా చదువు ఆగిపోయింది. మా పాస్‌పోర్టులు గుర్తుకొచ్చాయి.

1990 ఆగస్టు 2, గురువారం. ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించేనాటికి మా పాస్‌పోర్టులు యజమాని బీరువాలో ఉన్నాయి. యజమాని దేశంలో లేడు. చివరకు మన రాయబార కార్యాలయం ఇచ్చిన తాత్కాలిక పత్రాలతో బస్రా, బాగ్దాద్‌ల మీదుగా బస్సులో జోర్డాన్ సరిహద్దు చేరాం. అక్కడ ఎడారిలో గుడారాలు. పగలు నిప్పులు చెరిగే ఎండ, నీళ్ళ బండి వస్తే తొక్కిసలాట.

మా గదిలోనే ఉండే రాయచోటి పెద్దాయనను అందరం చాచా అనేవాళ్ళం. ఆయన జ్వరంతో గుడారంలో పడుకుని ఉన్నారు. ఆ సాయంత్రం తోపులాటలో నాకు రెండు సీసాల నీళ్ళు దొరికాయి.

"నీళ్ళేమైనా దొరికాయా బేటా?" అన్నారు చాచా.

"ఒక్క సీసానే దొరికింది చాచా" అన్నాను.

దానిని ఇద్దరం పంచుకున్నాం. రెండోది సంచిలో నవలల కింద దాచి, రాత్రి చీకట్లో నేనొక్కణ్ణే తాగాను. మరునాడు చాచాకు ఒక ఖుబూస్ రొట్టె దొరికింది. దానిని తుంచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టారు. "కుర్రాడివి, ఆకలికి ఆగలేవు" అన్నారు. నా సంచిలోని ఖాళీ సీసాను ఆయన చూశారో లేదో నేటికీ తెలియదు.

ఆ రెండు నెలల్లో ఎయిరిండియా 488 విమానాల్లో లక్షకు పైగా జనాన్ని అమ్మాన్ నుంచి స్వదేశానికి చేర్చింది. వారిలో మేమూ ఉన్నాం. ఇల్లు చేరగానే అమ్మీ నా నుదుటిని ముద్దాడి షుక్రానా నమాజుకు నిలబడింది.

ఆ ప్రయాణాన్ని పిల్లలకు ఎన్నోసార్లు సాహసగాథగా చెప్పాను. ప్రతిసారీ సీసాలు ఒకటిగానే ఉండేవి. క్షమాపణ అడగాలని రాయచోటి వెళ్ళేసరికి పదిహేనేళ్ళు గడిచాయి. అప్పటికే చాచా లేరు. ఇంట్లో వారితో ఏమీ చెప్పలేక, ఫాతిహా చదివి తిరిగొచ్చాను.

నవల పూర్తయిన రాత్రి అమ్మాయిని కూర్చోబెట్టి, కథ మళ్ళీ చెప్పాను. ఈసారి రెండు సీసాలతో. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాచా పిల్లలు ఇంకా రాయచోటిలోనే ఉన్నారా అబ్బా?" అని అడిగింది.

ఉన్నారు. వచ్చే జుమా నమాజు కాగానే ఇద్దరం బయలుదేరుతున్నాం.