చేపల తొట్టె - మీ రక్తపోటు

రక్తపోటు ఉన్నవాళ్ళకి "రోజూ కాసేపు చేపల తొట్టె ముందు కూర్చోండి" అని సలహా చెప్పే వైద్యుణ్ణి నేను. ఈదే చేపలను చూస్తూ కూర్చుంటే రక్తపోటు కొంత దిగుతుందని 1983లో అమెరికాలో ఏరన్ కేచర్ బృందం కొలిచి చెప్పింది. తీరా నాకే రక్తపోటు వచ్చింది! మాత్రలతోపాటు ఇదీ ఉండనీ అని ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టించాను.

దుకాణంలో ఆకుపచ్చ క్రోమిస్ చేపలు ఏడు, ఒకే దారాన గుచ్చిన పూసల్లా తిరుగుతుంటే ముచ్చటపడి తెచ్చాను. మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ఒకదాని తోక చిరిగింది. మర్నాటికి అది లేదు. ఏడాది తిరిగేసరికి మిగిలింది ఒక్కటే! పొద్దున లేస్తూనే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడమే నా పని అయింది. "ఇవి మీ బీపీ తగ్గించడానికా, పెంచడానికా?" అంది మా ఆవిడ. కొలిచి చూస్తే ఆవిడ మాటే నిజం.

తప్పు చేపలది కాదు, నాది. సముద్రంలో చిన్న చేపలు గుంపు కట్టేది స్నేహంతో కాదు, ప్రాణభయంతో. తొట్టెలో మింగే పెద్ద చేప లేదు, పారిపోయే చోటూ లేదు. బలమైనది బలహీనమైనదాన్ని తరుముతుంది.

కనక చేపలు కొనేముందు నా మాట వినండి. క్రోమిస్‌కి పెద్ద తొట్టె, దాక్కోవడానికి రాళ్ళు, రోజుకి రెండు మూడుసార్లు మేత కావాలి. అయినా పోట్లాడవని హామీ లేదు. బంగాయి కార్డినల్ చేపల్లో ఒక జంట కుదిరిందంటే మిగతావాటిని బతకనివ్వదు, జంటనే పెంచండి. యాంథియాస్ అందమైనవే గాని, రోజుకి ఎన్నోసార్లు మేత వేయాలి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి పనికిరావు. నేనిప్పుడు ఒకే సైజు పైజామా కార్డినల్ చేపలు ఐదు పెంచుతున్నాను. ఎర్రటి కళ్ళు, నిదానమైన నడక. సాధారణంగా కలిసిమెలిసి ఉంటాయి.

తొట్టె నింపగానే చేపల్ని వదలకండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, నీటిలో అమోనియా, నైట్రైట్ రెండూ లేవని పరీక్షించాకే వదలండి. దుకాణంలో మేత వేయించి, తింటున్నదాన్నే కొనండి. పొట్ట లోపలికి పోయినది, ఎగశ్వాస తీస్తున్నది వద్దు.

మరో ముఖ్యమైన సంగతి. చేతికి గాయం ఉంటే తొట్టెలో చెయ్యి పెట్టకండి. ఈ నీటిలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల వేలి మీద గడ్డ లేచి, వారాల తరబడి మానదు. అలాంటప్పుడు ఇంట్లో చేపల తొట్టె ఉందని డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మాత్రలు మాత్రం మానకండి సుమా! చేపలు మందుకి తోడే గాని మందు కావు. నేనూ రెండూ వాడుతున్నాను. ఇప్పుడు చేపల్ని లెక్కపెట్టడం లేదు, చూస్తున్నాను.