నేనూ, నా లైవూ

మా ఇంట్లో మొదటి దోసె ఎలా ఉంటుందో మావారికి పెళ్ళయిన 39 ఏళ్ళదాకా తెలియదు. అది పెనానికి అతుక్కుపోతుంది, లేకపోతే మాడుతుంది, లేకపోతే సగం అట్లకాడకీ సగం పెనానికీ వాటా అవుతుంది. దాన్ని చప్పుడు కాకుండా గీకేసి, పొయ్యి దగ్గరే నిలబడి నేనే తినేసేదాన్ని. ఆయన కంచంలోకి వెళ్ళేది ఎప్పుడూ రెండో దోసే. గుండ్రంగా, ఎర్రగా, చూడముచ్చటగా! "నీ చేతిలో దోసె చెడడం నేనెప్పుడూ చూళ్ళేదోయ్" అని ఆయన మెచ్చుకుంటే, అదేం పెద్ద విషయం కాదన్నట్టు ముఖం పెట్టి వంటింట్లోకి వచ్చేసేదాన్ని. మీలో చాలామంది ఇదే పని చేస్తున్నారని నాకు తెలుసు. బుకాయించకండి.

నా బొమ్మల దగ్గరా నాది మొదటి దోసె బుద్ధే.

1988లో మావారికి శ్రీకాళహస్తి బదిలీ అయింది. అమ్మాయిని బడికీ, ఆయన్ని బ్యాంకుకీ పంపాక సాయంత్రం దాకా ఏం చెయ్యాలో తోచేది కాదు. మా వీధి చివర ఒక పెద్దాయన కలంకారీ వేసేవారు. వాకిట్లో తాడు మీద ఆరేసిన గుడ్డల మీద రాముడూ సీతా గాలికి ఊగుతూ ఉండేవారు. రోజూ కూరగాయలకి వెళ్తూ ఆగి చూసేదాన్ని. ఒకరోజు ఆయనే, "అక్కడ నిలబడితే ఏమొస్తుందమ్మా, లోపలికొచ్చి కూర్చో" అన్నారు. అలా నాలుగేళ్ళు కూర్చున్నాను.

ఆ పని సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే నా అవస్థ మీకు అర్థం కాదు. ముతక నూలుగుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. గేదెపాలైతే మంచిది. ఆ కొవ్వు పట్టి ఉంటేనే గుడ్డ మీద రంగు అటూ ఇటూ పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు లేతగా బొమ్మ రాసుకుంటారు. ఆ తరువాతే కలం. కలమంటే మీ సిరాకలం కాదు. చివర చెక్కిన వెదురుపుల్లకి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. ఆ ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఇనపముక్కలూ, బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి నానబెట్టిన ద్రవంలో ముంచి గీస్తారు. దాన్ని కసిమి అంటారు. వాసన సంగతి అడక్కండి! ఎరుపు రావాలంటే పటిక రాసి ఉడకబెట్టాలి, పసుపు వేరు, నీలం వేరు, ఒక్కో రంగుకీ ఒక్కో ఉతుకు.

ఇందులో అసలు తిరకాసు ఏమిటంటే, కసిమి గీత గుడ్డ మీద పడేటప్పుడు పలచగా ఉంటుంది. కరక్కాయ తగలగానే చూస్తూ చూస్తూ ఉండగానే నల్లబడిపోతుంది. బొగ్గుగీత తప్పితే దులిపెయ్యొచ్చు. కసిమి గీతని దులపడం బ్రహ్మతరం కాదు. "గీసేముందు ఎంతసేపైనా ఆలోచించు తల్లీ. గీశాక మాత్రం ఏడవకు" అనేవారు మా గురువుగారు.

ఏడవలేదు. తప్పుపోయిన గుడ్డల్ని ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున దాచేశాను. మంచివి మాత్రం పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ కానుకలిచ్చేదాన్ని. "ఎంత పనితనమండీ!" అనేవారందరూ. పెట్టె అడుగున ఉన్నవాటి సంగతి ఎవరికీ తెలియదు. ఎవరైనా ఉండగా కలం పట్టేదాన్నే కాదు. మావారు మంచినీళ్ళకని ఆ గదిలోకి వచ్చినా గుడ్డ మీద తువ్వాలు కప్పేసేదాన్ని.

ఇలా ఉండగా 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బడులు మూసేశారని విజయవాడ నుంచి నాలుగు రోజులుండిపోదామని హైదరాబాదు వచ్చిన మా మనవరాలు మా ఇంట్లోనే చిక్కుపడిపోయింది. తొమ్మిదో తరగతి పిల్ల. దానికీ తోచదు, నాకూ తోచదు. ఒకరోజు పెట్టె సర్దుతూ నా బొమ్మలు చూసి, "అమ్మమ్మా! నువ్వు బొమ్మ వేస్తూంటే ఫేస్‌బుక్‌లో లైవ్ పెడదాం" అంది.

"అంటే?"

"నువ్వు ఇక్కడ గీస్తూంటే అప్పటికప్పుడు అందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో చూస్తారు."

"తప్పుపోతే?"

"తప్పుపోయినట్టు చూస్తారు."

అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో! నేను ససేమిరా అన్నాను. నలుగురిలో నవ్వులపాలవడం నాకెందుకు? మావారు పేపరు మడిచి, "వెయ్యవోయ్, తప్పేముంది? నన్ను ఎలాగూ చూడనివ్వవు. కనీసం ఫోనులోనైనా చూస్తాను" అన్నారు. అది వేళాకోళమో, దెప్పుడో నాకు అప్పట్లో బోధపడలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం, రెండు స్టీలు డబ్బాల మధ్య ఫోను ఇరికించి, నా చేతులూ గుడ్డా మాత్రం కనపడేట్టు పెట్టింది. నలుగురు చూశారు. అందులో ఒకరు పక్కగదిలో మావారు, ఇంకొకరు మా మనవరాలు. మూడోది నెల్లూరులో మా వదిన. ఆవిడ, "ఆవకాయలో మెంతులు ఎంత వెయ్యాలి?" అని రాసింది. మధ్యలో కుక్కరు మూడు కూతలు కూసింది. నేను ఒక లత, రెండు ఆకులు గీసి, చెమటతో తడిసిపోయి ఆపేశాను. ఆపగానే దీన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని ఫోను అడిగింది. ఎంత సంస్కారం! తీసెయ్యమన్నాను. మొదటి దోసె అయిపోయింది.

అలా మరో ఐదారుసార్లు జరిగాయి. చూసేవాళ్ళు ముప్ఫైమంది దాకా అయ్యారు. ప్రతిసారీ అయిపోగానే నేను తీసేయించేదాన్ని. మా మనవరాలు నొసలు చిట్లించేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అంతకు రెండేళ్ళ ముందునుంచీ నా కుడిచెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. కాఫీ గ్లాసు నిండా పొయ్యకుండా ముప్పావు వంతే పోసేదాన్ని. బ్యాంకులో సంతకం పెట్టాలంటే కళ్ళజోడు మరిచిపోయానని ఫారాలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. బొమ్మలో కళ్ళూ, ముక్కూ లాంటి సున్నితమైన పనులు పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీసేదాన్ని. పెద్దజబ్బేమో అని భయం. అంతకన్నా పెద్దభయం, ఇక బొమ్మలు మానెయ్యమంటారేమో అని. లైవులో లతలూ ఆకులూ మాత్రమే ఎందుకు గీసేదాన్నో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది.

మే నెలలో ఒకరోజు అశోకవనంలో సీతమ్మని వేస్తున్నాను. చెట్టు పూర్తయింది. ఎవరో, "సీతమ్మ కళ్ళు ఎప్పుడు వేస్తారండీ? చూడాలని కూర్చున్నాం" అని రాశారు. ఇంకొకావిడా అదే మాట. తప్పించుకునే దారి లేదు. కలం ముంచాను. కలంకారీలో కన్నంటే చెవిదాకా సాగిన చేపలాంటి కన్ను. ఒకే ఊపులో పోవాలి గీత. సగం దూరం వెళ్ళేసరికి చెయ్యి ఒణికింది. గీత రెక్క విరిగిన పిట్టలా కిందికి పడింది.

పలచగా ఉన్న ఆ గీత నా కళ్ళముందే, ముప్ఫైమంది కళ్ళముందే, మెల్లమెల్లగా నల్లబడింది. తువ్వాలు కప్పడానికి వీల్లేదు. పెట్టెలో దాచడానికి వీల్లేదు. "అయ్యో, ఏమైందండీ?" అని ఎవరో రాశారు. కుక్కరు అడ్డం వచ్చిందనో, కరెంటు పోయిందనో చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఏమయిందో ఏమో, "చెయ్యి వణికిందండీ. రెండేళ్ళుగా వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు" అనేశాను.

తలెత్తి చూస్తే గుమ్మంలో మావారు. చేతిలో ఫోను. నా మాట ఆయనకి గోడవతల నుంచి ఒకసారి, ఫోనులోంచి కొన్ని క్షణాలు ఆలస్యంగా ఇంకోసారి వినపడింది. ఏమీ అనలేదు. వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు. ఆ గదిలో ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి. "ఊఁ, రెండో కన్ను వెయ్యి" అన్నారు.

వేశాను. అదీ కాస్త వంకరే వచ్చింది.

ఆ తరువాత అందరూ చప్పట్లు కొట్టారని చెప్పను. "ఈ వయసులో మీకెందుకండీ ఈ తాపత్రయం?" అని ఒకాయన రాశాడు. "కన్ను బాగా రాలేదు" అని ఇంకొకావిడ ఉన్నమాట అనేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఏ మాట వినాల్సి వస్తుందోనని 30 ఏళ్ళు తువ్వాళ్ళు కప్పానో, ఆ మాట విన్నాక నాకు ఏమీ కాలేదు. లేచి వెళ్ళి చారు పెట్టాను. మరో నలుగురు ఆడవాళ్ళు మాత్రం వేరే సంగతులు రాశారు. ఒకావిడ చెయ్యి వణుకుతోందని ముగ్గు వెయ్యడం మానేసిందట. ఇంకొకావిడ గొంతు బొంగురుపోయిందని పేరంటాల్లో పాడటం మానేసిందట. అందరివీ పట్టుచీరల అడుగున ట్రంకుపెట్టెలే!

లాక్‌డౌన్ సడలించాక మావారు దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా చేత కాగితం మీద గుండ్రంగా చుట్టలు గీయించి, చేతులు చాపించి చూశారు. దీన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారుట. చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు వణకదు, పని చేసేటప్పుడే వణుకుతుంది. కొన్ని కుటుంబాల్లో వస్తూంటుంది. మా నాన్నగారు చివరి రోజుల్లో కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారని అప్పుడు గుర్తొచ్చింది. నేను భయపడ్డ జబ్బు కాదన్నారు. మందు ఇచ్చారు. బొమ్మలు మానెయ్యమనలేదు. రెండేళ్ళు దాచిన భయానికి పట్టిన సమయం పావుగంట!

తరువాత ఆలోచిస్తే, ఈ లైవు అనేది మనకేం కొత్త కాదనిపించింది. అష్టావధానం అంటే ఏమిటి? ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, ఒకరు అక్షరాలు నిషేధిస్తూ, ఒకరు అడ్డదిడ్డమైన ప్రశ్నలతో అప్రస్తుత ప్రసంగం చేస్తూంటే, సభ మధ్యలో అప్పటికప్పుడు పద్యం చెప్పడం. తిరుపతి వేంకట కవులు ఊరూరా అదే చేశారు. కొట్టివేతలు లేవు, చిత్తుప్రతి లేదు. మరి సభలెక్కని మన అమ్మమ్మలు? వాళ్ళ సభ వాకిలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలిలో, 21 చుక్కలు 11 వచ్చేదాకా పెట్టి, వీధివీధంతా చూస్తూండగా ముగ్గు వేసేవారు. ఒక్క చుక్క తప్పితే మెలిక కలవదు. ఎదురింటావిడ చేటలో బియ్యం ఏరుతూ, "అక్కడ చుక్క తప్పిందమ్మాయ్" అననే అంటుంది. "అవును పిన్నిగారూ" అని కాలితో కాస్త చెరిపి మళ్ళీ కలిపేవారు. సాయంత్రానికి దానిమీద సైకిళ్ళు వెళ్ళిపోయేవి. మర్నాడు మళ్ళీ ముగ్గు. ఎవరూ సిగ్గుతో చచ్చిపోలేదు. నేనూ చిన్నప్పుడు వేసినదాన్నే. ఆ ధైర్యం మధ్యలో ఎక్కడ పారేసుకున్నానో!

అలాగని ఇంట్లో ప్రతిదీ ఫోను ముందు పరిచెయ్యమని నేననను. మా మనవరాలి ముఖం చూపించను, మా ఇంటి తగవులు వినిపించను. వాకిలి వేరు, వంటిల్లు వేరు. కాని పని మాత్రం వాకిట్లో చెయ్యొచ్చు. తప్పుపోయినా వాకిట్లోనే పోవచ్చు.

ఇప్పుడు మోచేతి కింద దిండు మడిచి పెట్టుకుని గీస్తాను. బొమ్మలు కాస్త పెద్దవయ్యాయి, గీతలు లావయ్యాయి. ఆ వంకర కళ్ళ సీతమ్మ లైవుని నేను తీసేయించలేదు. గుడ్డని పెట్టెలో పెట్టబోతే మావారు లాక్కుని ముందుగదిలో గోడకి తగిలించారు. చూసినవాళ్ళు, "సీతమ్మ ఏడుస్తున్నట్టుందండీ" అంటారు. అశోకవనంలో ఏడవక నవ్వుతుందా?

అది జరిగిన మర్నాడు పొద్దున్న దోసెలు వేస్తున్నాను. మొదటిది అలవాటు ప్రకారం అతుక్కుపోయి మూడు ముక్కలైంది. గీకి నోట్లో పెట్టుకోబోయి ఆగాను. మూడు ముక్కలూ కంచంలో వేసి, పక్కన పచ్చడి వేసి, తీసుకెళ్ళి మావారి ముందు పెట్టాను.

ఆయన కంచం వంకా, నా వంకా మార్చి మార్చి చూసి, "ఏమిటోయ్ ఇది, లైవా?" అన్నారు.

"అవునండీ" అన్నాను. "తీసెయ్యను. తినండి."