జమీందారు గారి చెంచా

పాత నలుపు తెలుపు సినిమాల్లో జమీందారు గారి బంగళా ఎలా ఉంటుంది? వంపు తిరిగిన మెట్లు, సిల్కు గౌనులో పైపు కాలుస్తూ దిగివచ్చే నాన్నగారు, పొడుగాటి భోజనాల బల్ల, దాని మీద తళతళలాడే చెంచాలూ ఫోర్కులూ. పల్లెటూరి హీరో ఏది ఎందుకో తెలియక తికమకపడతాడు. మనం పకపకా నవ్వుతాం. ఆ చెంచాని తిరగేసి వెనక ఏముందో చూసిన ప్రేక్షకుడు మాత్రం ఉండడు. ఎలా చూస్తాడు లెండి!

నాకా అవకాశం వచ్చింది. కృష్ణానగర్‌లో షూటింగులకి ప్రాపర్టీస్ అద్దెకిచ్చే ఒక పెద్దాయన కొట్టు ఖాళీ చేస్తూ కబురు పెట్టాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. వాళ్ళ నాన్నగారు మద్రాసులో ఏదో బంగళా వేలంలో కొన్న పెట్టె అది. లోపల నీలం ముఖమల్ గుడ్డ, 62 సామాన్లు. ప్రతిదాని మీదా "ఇ.పి.ఎన్.ఎస్." అని ఉంది. "ఇంగ్లండు ప్యూర్ నంబర్‌వన్ సిల్వర్" అని చెప్పి అమ్మాడట వేలంవాడు! "పిల్ల పెళ్ళికి ఇదే నా బ్యాంకు" అని ఇరవయ్యేళ్ళుగా చెప్పుకుంటున్నాడు బాబాయ్. ఇప్పుడొక బేరగాడు వచ్చి, పాత ఇత్తడి రేటు, అదీ కిలోల లెక్కన ఇస్తానన్నాడట.

అసలు సంగతేమిటంటే, ఆ అక్షరాలకి అర్థం ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్. తమాషా ఏమిటంటే నికెల్ సిల్వర్‌లో వెండి వీసమెత్తు కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహమది. వెండి అంటే పైన కరెంటుతో పట్టించిన పూతే. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత షెఫీల్డ్‌లోనూ ఎందరో ఈ వ్యాపారంలోకి దిగారు.

ఇక గుర్తుల నాటకం చూడండి. అసలు వెండికి ఇంగ్లండులో నడిచే సింహం ముద్ర ఉంటుంది. పూత సామాన్ల వాళ్ళకి సింహం వేసే హక్కు లేదు. అందుకని చిన్న చిన్న డాళ్ళలో ఒక్కో అక్షరం విడివిడిగా కొట్టేవారు. దూరం నుంచి చూస్తే అచ్చం వెండి ముద్రలే! కొందరు కిరీటం బొమ్మ కూడా వేసేవారు. కిరీటం షెఫీల్డ్ వెండికి అధికార ముద్ర కావడంతో 1896 నుంచి పూత సామాన్ల మీద అది వేయడం ఆగింది. కనక కిరీటం ఉన్న పూత చెంచా సాధారణంగా అంతకంటే పాతదన్నమాట.

గడియారాలు బాగుచేసే అతని దగ్గర భూతద్దం అడిగి తెచ్చి, టార్చిలైటు ఏటవాలుగా పట్టి కూర్చున్నాను. బాకా, దానికి వేలాడే జెండా ఉంటే జేమ్స్ డిక్సన్ వాళ్ళది. ఉత్త జెండాలో డబ్ల్యూ, హెచ్ అక్షరాలుంటే వాకర్ అండ్ హాల్. "ఏ1" అంటే మేలురకం పూత. నాలుగైదింటి మీద ఎల్కింగ్టన్ పేరు కూడా దొరికింది. అంటే వేలంలో కొన్నది ఒక సెట్టే కాదు, మూడు నాలుగు ఇళ్ళ సామాను! కొన్నింటి మీద ముద్ర సగం అరిగిపోయింది. బాబాయ్ ఏళ్ళ తరబడి విభూదితో తోమించాడు మరి. వెండి కంచమైతే తట్టుకుంటుంది కానీ, పూత ఎన్ని తోముళ్ళకి ఆగుతుంది? చెంచా అడుగున బల్లకి ఆనేచోట పసుపుపచ్చ లోహం బయటపడింది.

చెప్పక తప్పలేదు. "వెండి కాదు బాబాయ్."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. భూతద్దం తీసుకుని తనే ఒక్కో చెంచా చూడటం మొదలెట్టాడు.

"పెళ్ళి అయిపోయేంత డబ్బు రాదు. అలాగని కిలోల లెక్కన మాత్రం ఇచ్చెయ్యకండి. పేరున్న పనివాళ్ళ సరుకుకి కొనేవాళ్ళు వేరే ఉంటారు" అన్నాను.

లోపల్నించి అమ్మాయి వచ్చింది. "పెళ్ళి సంగతి తర్వాత నాన్నా. బాకా ఉన్నవి ఇటు పెట్టు, జెండావి అటు" అంటూ కాగితం, పెన్ను తీసుకుని కింద చతికిలబడింది.

సాయంత్రం బేరగాడు త్రాసుతో సహా దిగాడు. బాబాయ్ ఒక చెంచా తిరగేసి అతని ముఖం ముందు పెట్టి, "ఈ జెండా ఎవరిదో చెప్పు, అప్పుడు బేరమాడదాం" అన్నాడు.


బేరగాడు త్రాసు సంచిలో పెట్టుకున్నాడు.