కడిగినా పోని వాసన

మిరపకోతలు ముగియగానే బస్తరు కూలీలు ఖమ్మం చేల నుంచి ఇళ్ళకు మరలుతారు. ఒక ఏడాది అలా తిరిగివచ్చిన ఇరవయ్యేళ్ళ దోర్లా యువకుడు కూలిడబ్బులతోపాటు ఒక ప్లాస్టిక్ డబ్బాను కూడా వెంట తెచ్చాడు. ఐదు లీటర్లు పడుతుంది. పైన పట్టుకోవడానికి పిడి, బిగుతైన మరమూత. చేనిగట్టున ఊరికే పడి ఉన్నది. వారపు సంతకు సల్ఫీకల్లు మోసుకుపోవడానికి ఇంతకంటె అనువైన పాత్ర ఏమున్నదని అతడు మురిసిపోయాడు.

అతని ఊరు శబరినదికి దగ్గరగా, కోంటా ప్రాంతంలో ఉన్నది. 1998కి పూర్వం అది విశాలమైన పాత బస్తరు జిల్లాలో భాగం. 2012 నుంచి సుక్మా జిల్లాలోనిది. ఏటికి ఆవల తెలుగు మాట, ఈవల తెలుగు కలిసిన దోర్లీ మాట. ఆ ఇంటి వెనుక ఒక సల్ఫీచెట్టు ఉన్నది. తెలుగు మన్యంలో జీలుగు అని పిలిచేది ఈ చెట్టునే. గెలను కోసి, కోసినచోట కుండ కడితే తీయని రసం బొట్లుబొట్లుగా దిగుతుంది. నాటిన చెట్టు గీతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే బస్తరులో సల్ఫీచెట్టును పొలంతో సమానమైన ఆస్తిగా చూస్తారు.

ఈ రసానికి ఒక గుణమున్నది. మనిషి ఏమీ చేయకపోయినా అది తనంత తాను పులుస్తుంది. తెల్లవారి దించినప్పుడు తియ్యగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ మత్తును సంతరించుకుంటుంది. మరునాటికి పుల్లబడి నోట పెట్టరానిదవుతుంది. గాలిలోను, చెట్టు మీద, కుండ రంధ్రాలలోను దాగి ఉన్న సూక్ష్మజీవులే దీనికంతకూ కారణం. కనుక కల్లు మంచిచెడ్డలు చెట్టు మీద ఎంత ఆధారపడతాయో, దాన్ని పట్టే పాత్ర మీద కూడా అంతే ఆధారపడతాయి.

ఈ సంగతి ఆ యువకుని తల్లికి ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె పాత్రలను కడిగే తీరు చూస్తే, చెప్పవలసిన అవసరం లేదని తెలుస్తుంది. కల్లుకుండకు సబ్బు తగలనివ్వదు. మట్టి సబ్బును పీల్చుకుని, తరువాత పోసిన రసంలోకి వదులుతుంది. ముందుగా నీళ్ళతో అడుగున పేరుకున్న మడ్డిని వదలగొడుతుంది. ఆ తరువాత మరిగే నీళ్ళు పోసి తిప్పుతుంది. చివరకు పొగలు లేచే పొయ్యి మీద కుండను బోర్లిస్తుంది. సొరబుర్ర మెడ ఇరుకు, చెయ్యి దూరదు. అందులో గుప్పెడు గులకరాళ్ళు, కొంచెం బూడిద, నీళ్ళు పోసి చాలాసేపు గిలకరిస్తుంది. కడిగి, ఎండలో వేలాడదీస్తుంది. ముందు మడ్డి, పిదప వేడి. ఈ వరుస ఎన్నడూ తారుమారు కాదు. మడ్డిని ఉంచి వేడినీళ్ళు పోస్తే, దాని చాటున సూక్ష్మజీవులు బతికిపోతాయి. బ్లీచింగ్ ద్రావణం వాడేవారికి కూడా ఇదే నియమం. మురికి మిగిలిఉంటే ద్రావణం శక్తి ఆ మురికి మీదనే ఖర్చయిపోతుంది.

1856లో ఫ్రాన్సులోని లీల్ నగరంలో బీట్‌దుంపల రసం నుంచి ఆల్కహాలు తీసే వ్యాపారికి ఇటువంటి చిక్కే వచ్చింది. కొన్ని తొట్లలో సరకు బాగుండేది, కొన్నింటిలో పులిసి పాడయ్యేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న లూయీ పాశ్చర్‌ను అతడు ఆశ్రయించాడు. పాశ్చర్ రెండు రకాల తొట్లలోని ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణాలు కనిపించాయి. చెడిన తొట్టిలో సన్నని కడ్డీల వంటి వేరే జీవులు కదులుతున్నాయి. పులియడం ఒక్కటే కాదని, ఏ జీవి పులియబెడితే ఆ ఫలితమే వస్తుందని ఆయన గ్రహించాడు. 1876లో బీరును గురించి ఆయన వెలువరించిన గ్రంథానికి బీజం అక్కడ పడింది.

మన గీతకార్మికులు ఇదే సత్యాన్ని మరొక దారిలో వాడుకున్నారు. ముంత లోపల సున్నం పూస్తే రసం పులియదు, నీరా అవుతుంది. పాత కల్లు తడి అంటిన ముంతలో పడితే అదే రసం త్వరగా కల్లవుతుంది. చెట్టు ఒకటే, రసం ఒకటే. పాత్ర లోపలి గోడ వేరు. అంటే పాత్రను కడగడమంటే అన్నింటినీ తుడిచిపెట్టడం కాదు. దేన్ని ఉంచాలో, దేన్ని పోగొట్టాలో ఎరిగి కడగడం.

ప్లాస్టిక్ వచ్చిన తరువాత ఈ ఎరుకకు పరీక్ష వచ్చింది. మంచినీళ్ళ సీసాలో మరిగే నీళ్ళు పోస్తే అది మెత్తబడి వంకర పోతుంది. ఇసుకతో తోమితే గీతలు పడి, ఆ గీతలే సూక్ష్మజీవులకు ఇళ్ళవుతాయి. మూత మరలలో జిడ్డు నిలుస్తుంది. పులుస్తున్న కల్లు నింపి మూత బిగిస్తే లోపలి వాయువుకు సీసా ఉబ్బి పగులుతుంది. సగం ఖాళీగా ఉంచితే గాలి తగిలి కల్లు వినిగర్ వలె పుల్లబడుతుంది. వీటన్నింటికీ ఏదో ఒక ఉపాయమున్నది. కాని ఆ యువకుడు తెచ్చిన డబ్బాకు ఉపాయం లేదు. అది మిరపచేలకు కొట్టే పురుగుమందు డబ్బా.

అతడు దానిని అశ్రద్ధగా ఏమీ తేలేదు. ఏటిలో మూడుసార్లు కడిగాడు. బూడిదతో తోమాడు. రెండు రోజులు ఎండబెట్టాడు. తల్లి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దించేసింది.

“ఇంకా ఉందిరా వాసన.”

“నాకేమీ రావడం లేదే అమ్మా. మూడుసార్లు కడిగాను.”

“మూడు నెలలు ఆ వాసనలోనే పనిచేశావు. నీ ముక్కుకు అలవాటయింది. నాకు కాలేదు.”

తల్లి మాటలో శాస్త్రమున్నది. ఎడతెగక తగిలే వాసనను ముక్కు క్రమంగా గుర్తించడం మానుతుంది. ప్లాస్టిక్ గోడ పురుగుమందును కొంత తనలో ఇముడ్చుకుని, ఆ తరువాత పోసిన ద్రవంలోకి కొంచెం కొంచెంగా వదులుతుంది. సూక్ష్మజీవులను వేడి చంపుతుంది. ఈ విషాన్ని మాత్రం వేడినీళ్ళు గాని, బూడిద గాని, ఎండ గాని నమ్మదగినంతగా తొలగించలేవు. వాసన లేకపోయినంత మాత్రాన అది పోయినట్లూ కాదు. అందుకే 1971 నాటి పురుగుమందుల నియమావళి, ఖాళీ అయిన డబ్బాలను మరల వాడకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలని ఆదేశించింది. ఆ డబ్బా మీది అక్షరాలు చదవడం తల్లీకొడుకులిద్దరికీ రాదు. నియమం ఉన్నది గాని, అది చేనిగట్టు దాకా రాలేదు. డబ్బా మాత్రం చేనిగట్టు నుంచి ఇంటిదాకా వచ్చింది.

మరునాడు సంత. చెట్టు నుంచి దించిన కల్లు కోసం ఊరి పెద్దలు, పక్క ఊళ్ళవాళ్ళు వస్తారు. సల్ఫీ ఒక్కరు తాగేది కాదు. ఆకుదొన్నెలలో పోసి పదిమందీ పంచుకుంటారు. ఆ ఇంటి కుండలో ఏమున్నదో అది పదిళ్ళలోకీ పోతుంది. తల్లి ఆలోచించినది ఇంతే.

ఆమె కొడవలి మొనతో డబ్బా అడుగున ఒక పోటు, పక్కన రెండు పోట్లు పొడిచింది. కొడుకు కాసేపు అలిగి కూర్చున్నాడు. ఊరికే దొరికినదైనా, అంత దూరం మోసుకొచ్చినది. తరువాత తానే లేచి, గునపం తీసుకుని, ఇంటికీ బావికీ దూరంగా లోతైన గుంట తవ్వాడు.

మర్నాటి ఉదయం అతడు రెండు సొరబుర్రలను కావడికి కట్టుకుని సంతకు బయలుదేరాడు. డబ్బా ఉంటే మరో ఐదు లీటర్లు పోయేవి. తల్లి గుమ్మంలో నిలబడి, “చేతులు కడుక్కున్నావా?” అని అడిగింది. కడుక్కున్నానని చెప్పి, అతడు వెనక్కు తిరిగి మరొకసారి కడుక్కున్నాడు.