ఎవరూ చెయ్యమనని పని

రోల్‌ప్లేయింగ్ గేములు ఆడేవాళ్ళని పక్కవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ లోకం మునిగిపోతుంటే నువ్వు ఎవరిదో పోయిన సామాను వెతుకుతూ కూచున్నావేంటి అని. న్యాయమైన ప్రశ్నే. మెయిన్ స్టోరీ మనల్ని ఎప్పుడూ తరుముతూనే ఉంటుంది. సైడ్ క్వెస్ట్ అలా కాదు, దారిపక్కన నిలబడి ఉంటుంది. చేస్తే చేశావు, లేకపోతే లేదు. ఆ ‘లేకపోతే లేదు’లోనే దాని విలువంతా ఉందని నా నమ్మకం.

1995లో జపాన్‌కి చెందిన స్క్వేర్ సంస్థ తెచ్చిన క్రోనో ట్రిగర్ చూడండి. భూమి లోపల నిద్రపోతున్న లావోస్ అనే జీవి 1999లో పైకొచ్చి లోకాన్ని బూడిద చేస్తుంది. క్రోనో, అతని స్నేహితులు కాలాల్లో అటూ ఇటూ తిరిగి దాన్ని ఆపాలి. కథ చివరికొచ్చేసరికి గేము మన చెయ్యి వదిలేస్తుంది. కాలం అంచున దీపస్తంభం కింద ఉండే ముసలాయన ఎక్కడెక్కడ ఏం పనులు మిగిలాయో చూచాయగా చెబుతాడు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు, లేదంటే నేరుగా లావోస్ మీదికే పోవచ్చు.

ఆ పనుల్లో ఒకటి ఎడారిలో అడవి పెంచడం. రోబో అనే మరమనిషి అందుకోసం 600వ సంవత్సరంలో ఆగిపోతాడు. మిగతావాళ్ళు 1000వ సంవత్సరానికి వచ్చి అతన్ని కలుస్తారు. మనకి నిమిషాలు, అతనికి 400 ఏళ్ళు. ఆ రాత్రి అందరూ అడవిలో నెగడు వేసుకుని పడుకుంటారు. క్రోనో స్నేహితురాలు లూకా ఒక్కతే లేచి వెళ్ళి, చెట్ల మధ్య కనిపించిన ఎర్రటి ద్వారంలోంచి తన చిన్నతనంలోకి, 990లోకి చేరుతుంది.

వాళ్ళమ్మ లారా నడవలేదని మనకి ముందునుంచీ తెలుసు. ఎందుకు నడవలేదో ఇప్పుడు కళ్ళముందే జరుగుతుంది. ఆమె బట్ట యంత్రంలో ఇరుక్కుంటుంది, యంత్రం కదలడం మొదలవుతుంది. దాన్ని ఆపే పాస్‌వర్డ్ ఆమె పేరే: ఎల్, ఏ, ఆర్, ఏ. అన్నీ కంట్రోలర్ మీద ఉన్న బటన్లే. ఇంట్లో రాసిపెట్టిన కాగితాలు చదివుంటే తడుతుంది. ఆలోచించుకోడానికి వ్యవధి మాత్రం ఉండదు.

సరిగ్గా నొక్కితే లారా నడుస్తుంది. తప్పితే గేము అయిపోదు. లూకా వెనక్కి వస్తుంది, ఆమె కోసం కాచుకుని ఉన్న రోబో తను పెంచిన చెట్ల జిగురు ఏళ్ళ తరబడి గట్టిపడి తయారైన రాయిని కానుకగా ఇస్తాడు, కథ సాగిపోతుంది. లోకాన్ని కాపాడటానికి ఒక ఇల్లాలి కాళ్ళతో పనిలేదు. అందుకే ఆ నాలుగు అక్షరాలు నొక్కేటప్పుడు వేళ్ళు వణుకుతాయి. అదే సమయంలో, మెయిన్ స్టోరీ లేకుండా ఈ ఘట్టం నిలబడదు కూడా. యుగాలు దాటి తిరిగిన అమ్మాయికి సొంత ఇంట్లో ఒక్క క్షణాన్ని సరిదిద్దుకునే అవకాశం రావడమే కదా ఇక్కడి బరువు.

అన్ని సైడ్ క్వెస్టులూ ఇలా ఉండవు. 2014 నాటి డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ మొదట్లోనే మనల్ని హింటర్‌ల్యాండ్స్ అనే పెద్ద ప్రాంతంలో వదులుతుంది. ఆకలితో ఉన్న శరణార్థులకి పొట్టేలు మాంసం తెచ్చిపెట్టడం బాగానే ఉంది, అక్కడ ఆకలి కనబడుతుంది. కానీ మెరిసే ముక్కల కోసం గుట్టలన్నీ ఎక్కిదిగడం ఎవరి కోసమో తోచదు. మ్యాప్ నింపడం కోసం పెట్టిన పని ఆటగాడి జాలిగుండెని అరగదీస్తుంది. ఆ తర్వాత నిజంగా కష్టంలో ఉన్నవాడు పిలిచినా పలకబుద్ధి కాదు. నా కోపమంతా అందుకే.

పోలండ్‌లో తయారైన విచ్చర్ 3 (2015) ఈ విషయంలో నాకు ఎంతో ఇష్టం. కథానాయకుడు గెరాల్ట్ పెంపుడు కూతురు సిరిని వైల్డ్ హంట్ అనే దండు తరుముతోంది, అతను మాత్రం ముందు తన ప్రియురాలు యెన్నెఫర్‌ని వెతుకుతూ వైట్ ఆర్చర్డ్ అనే పల్లెకి వస్తాడు. యుద్ధం అప్పుడే ఆ ఊరి మీదుగా పోయింది. మూసిన గుడిసె ముందు ఒక ముసలమ్మ తన పెనం ఇప్పించమంటుంది. లోపల శవం, కాల్చేసిన కాగితాలు, ఒక ఒంటికంటద్దం. పెనం మసంతా గోకేసి తళతళలాడుతోంది. ఆ మసితో ఎవరో గూఢచారి సిరా చేసుకున్నాడు. ఆ అద్దం ఎవరిదో చాలా దూరం వెళ్ళాక గానీ తెలీదు. ముసలమ్మకి మాత్రం గూఢచారులతో పనిలేదు, ఆవిడకి కావలసింది పెనం.

కొత్తగా ఆడేవాళ్ళు ఆ గుడిసె దాటి పోకండి. గుర్రం మీద ఉన్నా దిగండి. సిరిని తరిమే వేట ఈ లోపల ఒక్క అడుగు కూడా ముందుకు జరగదు.